సుంకి ఘాటు, పాత ఆటోమేటిక్: గేర్‌బాక్సు విప్పేముందు చూడాల్సినవి

సాలూరు దాటాక రోడ్డు ఎక్కడం మొదలెడుతుంది. జాతీయ రహదారి 26 సుంకి ఘాటు మీదుగా పొట్టంగి, సెమిలిగుడ, సునాబెడ దాటి కొరాపుట్‌కి, అక్కణ్ణుంచి జయపురానికి పోతుంది. సాలూరు దగ్గర సముద్రమట్టానికి నూరు మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉండే రోడ్డు కొరాపుట్ చేరేసరికి 850 మీటర్లు దాటేస్తుంది. మలుపు మీద మలుపు. ముందు లోడుతో మూలుగుతూ పోయే లారీ. దాటుకుపోదామంటే చోటుండదు. గంటకు 15, 20 కిలోమీటర్ల వేగంతో దాని వెనకాలే పాకాలి. ఆటోమేటిక్ గేర్‌బాక్సుకి ఇంతకంటే గట్టి పరీక్ష ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదు.

ఈ దారిలో తిరిగేవి ఎక్కువగా లారీలూ బస్సులూ జీపులే. అయినా జయపురం, రాయగడ, పర్లాకిమిడి, బరంపురం లాంటి ఊళ్లలో ఏ పెంకుటిల్లు పక్క షెడ్డులోనో కవరు కప్పుకుని ఓ రెండు సీట్ల కారు కనిపిస్తుంది. మెర్సిడెస్ ఎస్ఎల్‌కే కావచ్చు, బీఎండబ్ల్యూ జెడ్4 కావచ్చు, పాత పోర్షే బాక్‌స్టర్ కావచ్చు. పదిహేను ఇరవై ఏళ్ల వయసు. విశాఖలోనో హైదరాబాదులోనో చేతులు మారి వచ్చిన బండి. ఇంజిన్ ఇంకా గుండ్రాయిలా ఉంటుంది. మొరాయించేది గేర్‌బాక్సు.

అలాంటి బాక్సుల విషయంలో రెండు తప్పులు మళ్లీ మళ్లీ జరుగుతున్నాయి. విప్పనక్కర్లేని బాక్సు విప్పేస్తున్నారు. విప్పక తప్పనిదాన్ని విప్పి, సగం పని చేసి మూసేస్తున్నారు. రెండింటికీ వేరు ఒకటే. లక్షణం చూసి తీర్పు చెప్పేస్తున్నారు, కొలత తీసుకోవడం లేదు.

వేడి సంగతితో మొదలుపెట్టాలి, ఎందుకంటే మిగతా జబ్బుల్లో చాలావాటికి తల్లి అదే. ఘాటు ఎక్కడానికి ఇంజిన్ 30 కిలోవాట్ల శక్తి ఇస్తోందనుకుందాం. లారీ వెనక నెమ్మదిగా పోతున్నప్పుడు టార్క్ కన్వర్టర్, అంటే ఇంజిన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య మామూలు క్లచ్ స్థానంలో ఉండే ఆయిల్ డబ్బా, పూర్తిగా లాక్ కాదు. ఇంజిన్ వైపు రెక్కలు తోసిన ఆయిల్ గేర్‌బాక్సు వైపు రెక్కల్ని తిప్పుతుంది, మధ్యలో సుడులు తిరుగుతుంది. ఆ సుడుల్లో అయిదో వంతు శక్తి పోతుందనుకుంటే 6 కిలోవాట్లు. నీళ్లు కాచుకునే 2 కిలోవాట్ల హీటర్ రాడ్లు మూడు తెచ్చి ఏడున్నర లీటర్ల ఆయిల్లో ముంచినట్టన్నమాట. కూలర్ అనేదే లేకపోతే ఆ ఆయిల్ నిమిషానికి దాదాపు 28 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. కూలర్ ఉంది కాబట్టి అలా జరగదు. కానీ ఆ కూలర్ సాధారణంగా రేడియేటర్ లోపలే ఉంటుంది, ఆ రేడియేటర్ కూడా అదే ఘాటులో ఇంజిన్ వేడితో సతమతమవుతూ ఉంటుంది. మామూలుగా 80, 90 డిగ్రీల దగ్గర ఉండాల్సిన ఆయిల్ 120 దాటి అక్కడే ఉండిపోతే రంగు మారి, వాసన మారి, వాల్వుల మీద వార్నిష్‌లా పొర కడుతుంది. ప్రతి 10 డిగ్రీల అదనపు వేడికీ ఆయిల్ ఆయుష్షు సుమారు సగమవుతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే మోటు లెక్క.

దీనికి కారు నడిపే చేతిలోనే కొంత మందుంది. ఎక్కేటప్పుడు డీ (డ్రైవ్)లో వదిలేయకుండా లీవరుతో కింది గేరును పట్టి ఉంచితే ఇంజిన్ చురుగ్గా తిరుగుతుంది, కన్వర్టర్ లోపల జారుడు తగ్గుతుంది. దిగేటప్పుడూ అంతే. డీలో ఉంటే బాక్సు పై గేర్లకు పోతుంది, బరువంతా బ్రేకుల మీద పడుతుంది. లారీ డ్రైవర్లకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. ఆటోమేటిక్ కారు చేతికొచ్చాక మాత్రం మనవాళ్లు లీవరు ఉందన్న సంగతే మరిచిపోతారు.

లారీ బాక్సుకీ దీనికీ తేడా

సాలూరు లారీల ఊరు. బాడీ కట్టడం నుంచి గేర్‌బాక్సు దింపడం దాకా తరతరాల చేతిపని అక్కడుంది. ఘాటు పైన సెమిలిగుడ, జయపురం షెడ్లలోనూ అదే చేతిపని తెలుగు, ఒడియా, దేశియా కలగలిసిన మాటల్లో సాగుతుంది. బేరింగు మోత విని ఏ షాఫ్టు పోయిందో చెప్పగల మేస్త్రీలున్న చోటిది. ఆ అనుభవాన్ని తక్కువ చేయడానికి వీల్లేదు. అయితే ఆటోమేటిక్ బాక్సు జబ్బు చాలాసార్లు చెవికి అందేది కాదు.

లారీ గేర్‌బాక్సులో శక్తి ఒక పండ్ల చక్రం నుంచి ఇంకో పండ్ల చక్రానికి పోతుంది. గేరు మార్చడమంటే ఒక జతను షాఫ్టు నుంచి విడదీసి ఇంకో జతను షాఫ్టుకి కలపడం. ఆటోమేటిక్‌లో అమరిక వేరు. మధ్యలో ఓ చక్రం, దాని చుట్టూ తిరిగే చిన్న చక్రాలు, వాటన్నిటినీ చుట్టి లోపలి వైపు పండ్లున్న కంకణం. ఈ మూడింటిలో దేన్ని పట్టి ఆపుతామో, దేన్ని తిప్పుతామో దాన్నిబట్టి నిష్పత్తి మారుతుంది. ఆ పట్టుకోవడం, వదలడం చేసేవి క్లచ్ ప్లేట్ల కట్టలు. వాటిని నొక్కేది ఆయిల్ ఒత్తిడి. ఆ ఒత్తిడిని ఎటు పంపాలో చెప్పేది వాల్వ్ బాడీ. దానికి హుకుం ఇచ్చేవి సోలినాయిడ్లు, కరెంటుతో పనిచేసే చిన్న వాల్వులు. సోలినాయిడ్లను నడిపేది కంప్యూటర్. పండ్లు అరగడం ఇందులో అరుదు. ఒత్తిడి కారిపోవడం, ప్లేటు మాడడం, వైరు లోపలి సంకేతం తప్పడం, ఇవీ దీని జబ్బులు.

ఉదాహరణకు మెర్సిడెస్ 722.6 బాక్సును తీసుకుందాం. 1996లో వచ్చింది, అయిదు గేర్లు. ఎస్ఎల్‌కే, ఎస్ఎల్ కార్లలోనే కాదు, పోర్షే 996 టర్బోలో, జాగ్వార్ ఎక్స్‌కేఆర్‌లో, క్రైస్లర్ క్రాస్‌ఫైర్‌లో కూడా ఇదే కుటుంబం. పైన చెప్పినలాంటి చక్రాల కూర్పులు (ప్లానెటరీ సెట్లు) మూడు, మూడు క్లచ్చులు, ప్లేట్ల కట్టలతోనే పనిచేసే మూడు బ్రేకులు, ఒకే వైపు తిరగనిచ్చే ఫ్రీవీళ్లు రెండు. చిన్న రకం బాక్సులో మొదటి గేరు నిష్పత్తి 3.93, అయిదోది 0.83. గట్టి బాక్సు, ఇప్పటికీ దాన్ని మెచ్చుకోని మెకానిక్ ఉండడు. దానికున్న ప్రసిద్ధమైన జబ్బుల్లో మొదటి రెండూ లోపలి లోహానికి సంబంధించినవి కావు. ఈ వ్యాసం చెప్పదలచిన సంగతికి అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

మొదటిది ప్లగ్గు. గేర్‌బాక్సు పక్కన వైర్లు లోపలికి పోయే చోట ఓ గుండ్రటి కనెక్టరు ఉంటుంది, 13 పిన్నులది. దాని చుట్టూ రెండు చిన్న ఓరింగులు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ రబ్బరు గట్టిపడి ముడుచుకుంటుంది. ఆయిల్ సన్నగా బయటికి ఊరుతుంది. కింద చుక్క పడేదాకా ఆగదు. వైరు లోపలి రాగి పోగుల సందుల్లోకి ఎక్కి, దీపం వత్తిలో నూనె పాకినట్టు పాకుతూ బాక్సును నడిపే కంప్యూటర్ (కంట్రోల్ యూనిట్) దాకా పోతుంది. ఆ యూనిట్ ప్లగ్గు పీకి చూస్తే పిన్నుల మీద ఎర్రటి తడి మెరుస్తుంటుంది. వేలితో తాకితే జిగురు. బాక్సుకి మీటరు పైన దూరంలో, ఎప్పుడూ ఆయిల్ తగలకూడని చోట. ఈ దశలో బండి గేర్లు కొడుతుంది, ఒక్కోసారి రెండో గేరులో ఇరుక్కుంటుంది. చూసినవాడు "బాక్సు పోయింది" అంటాడు. పోయింది రెండు రబ్బరు రింగులు.

రెండోది కండక్టర్ ప్లేటు. వాల్వ్ బాడీ మీద కూర్చునే ప్లాస్టిక్ పలక అది. వేగం కొలిచే రెండు సెన్సర్లు, ఆయిల్ వేడి చెప్పే సెన్సరు, పార్కులోనూ న్యూట్రల్‌లోనూ తప్ప స్టార్ట్ కానివ్వని స్విచ్చు, అన్నీ దాంట్లోనే. సెన్సరు ముసలిదయ్యాక వేడెక్కినప్పుడు మాట తప్పుతుంది, చల్లబడితే మళ్లీ పలుకుతుంది. ఘాటు సగం ఎక్కాక బండి హఠాత్తుగా గేరు మారడం మానేస్తుంది. పక్కకు తీసి, కీ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు పోతుంది. లోపల ప్లేట్లు మాడితే ఇలా కోలుకోదు. కాబట్టి "ఆపి స్టార్ట్ చేస్తే బాగవుతోందా?" అన్న ఒక్క ప్రశ్న ఎంతో ఖర్చు తప్పిస్తుంది. ఈ పలక మార్చడానికి బాక్సు కిందికి దింపనక్కర్లేదు. సంపు (బాక్సు అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పి, ఫిల్టరు తీసి, కనెక్టరు మధ్యలోని ఏడో నంబరు పానా పట్టే బోల్టు వదులు చేసి, వాల్వ్ బాడీని పలకతో సహా దింపుకోవచ్చు. చోటు దుమ్ము లేకుండా ఉండాలి. అన్నిటికంటే కష్టమైన షరతు బహుశా అదే.

"లైఫ్ టైమ్ ఆయిల్" అనే మాట

ఈ తరం బాక్సుల్లో చాలావాటిని ఆయిల్ మార్చనక్కర్లేదన్న మాటతో అమ్మారు. 722.6లో ఆయిల్ పోసే గొట్టం ఉంటుంది కానీ అందులో డిప్‌స్టిక్ ఉండదు. మూత మీద ఎర్రటి ప్లాస్టిక్ లాకు. తర్వాత మెర్సిడెసే ఆ మాట మార్చుకుని ఆయిల్ మార్చే గడువు పెట్టింది. బీఎండబ్ల్యూ లాంటి కంపెనీలకు గేర్‌బాక్సులు చేసిచ్చే జెడ్ఎఫ్ సంస్థ తన సలహాల్లో 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకో, ఎనిమిదేళ్లకో మార్చమంటుంది. బాక్సు తయారుచేసినవాడే అలా చెబుతుంటే ఇంకా లైఫ్ టైమ్ అంటూ కూర్చోవడంలో అర్థం లేదు. ఎవరి లైఫ్ అన్నది అసలు ప్రశ్న. మొదటి యజమాని చేతిలో ఉన్నంత కాలమైతే ఆ మాట నిజమే కావచ్చు. జయపురంలో కవరు కింద ఉన్న కారు మూడో యజమానిది.

జెడ్ఎఫ్ చెప్పిన ఎనిమిదేళ్ల గడువును మన ప్రాంతంలో ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. చిన్న ఊళ్లో స్పోర్ట్స్ కారు రోజూ తిరగదు. పండక్కి, పెళ్లికి, ఎప్పుడో ఓ ఆదివారం దేవమాలి కొండ వైపు. వర్షాకాలం నాలుగు నెలలూ షెడ్డులోనే. మీటరు మీద 45,000 కిలోమీటర్లే కనబడితే కొనేవాడు సంబరపడతాడు. కానీ రబ్బరు సీళ్లు కిలోమీటర్లతో ముసలివి కావు, కాలంతో అవుతాయి. నెలల తరబడి కదలని బండిలో ఆయిల్ కన్వర్టర్ నుంచి కిందికి దిగిపోతుంది, పైభాగాలు ఆరిపోతాయి, సీలు ఒకే చోట ఒకే ఆకారంలో బిగుసుకుపోతుంది. రెండు లక్షలు తిరిగిన విశాఖ టాక్సీ బాక్సులో సీళ్లు ఇంకా మెత్తగా ఉండి, ఈ ముద్దుల కారులో పెళుసెక్కి ఉండడం వింతేమీ కాదు. పొద్దున్నే స్టార్ట్ చేసి డీలో వేస్తే బండి కదలడానికి రెండు మూడు సెకన్లు పడుతోందంటే చాలాసార్లు అర్థం అదే. క్లచ్ కట్టను నొక్కే పిస్టన్ సీలు గట్టిపడి ఒత్తిడి నిలవడం లేదు. వేడెక్కాక రబ్బరు మెత్తబడి సరిపోతుంది కాబట్టి యజమాని పట్టించుకోడు.

ఆయిల్ మార్చితే పాత బాక్సు చచ్చిపోతుందన్న భయం ప్రతి షెడ్డులోనూ వినిపిస్తుంది. దాంట్లో నిజం లేకపోలేదు. క్లచ్ ప్లేట్లు అప్పటికే అరిగిపోయి జారుతున్న బాక్సులో ఆయిల్ మార్చగానే జారుడు బయటపడడం జరుగుతుంది. కొత్త ఆయిల్ చంపిందనుకుంటారు, కానీ అప్పటికే పోతున్న బాక్సది. జారుడు లేని బాక్సుకి మాత్రం మార్చడమే మేలు. ఒత్తిడి యంత్రం పెట్టి ఒక్కసారిగా కడిగేయడం కంటే సంపు దింపి మార్చే పద్ధతే పాత బాక్సులకు మంచిది. ఏడున్నర లీటర్ల బాక్సులో సంపు దింపితే సుమారు నాలుగు లీటర్లు వస్తుంది, మిగతాది కన్వర్టర్‌లో, కూలర్‌లో ఉండిపోతుంది. ఒకసారి మార్చితే కొత్త ఆయిల్ 53 శాతం. వెయ్యి కిలోమీటర్లు తిప్పి మళ్లీ మార్చితే 78 శాతం. మూడోసారికి 90. అంచెలంచెలుగా చేస్తే బాక్సులో కలిగే మార్పు కూడా కళ్లముందే ఉంటుంది.

ఏ ఆయిల్ అన్నది ఇక్కడ పెద్ద తగాదా. స్పేర్ పార్టుల కొట్టులో "ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్) ఇవ్వండి" అంటే ఎర్రటి డబ్బా ఒకటి చేతిలో పెడతారు. చాలాసార్లు అది పవర్ స్టీరింగ్‌కీ, జేసీబీ, ట్రాక్టర్ పనులకీ వాడే సాధారణ రకం. రంగు ఎరుపు కావడం దేనికీ గుర్తు కాదు, అది కారినప్పుడు కనబడ్డానికి వేసిన అద్దకం. 722.6లో కన్వర్టర్ క్లచ్ పూర్తిగా పట్టుకోకుండా కొద్దిపాటి జారుడుతో నడిచేలా రూపొందింది. ఆ జారుడు వణుకు లేకుండా సాగాలంటే ఆయిల్లో దానికి తగిన మందులు ఉండాలి. మొదట మెర్సిడెస్ 236.10 ప్రమాణం పెట్టింది, తర్వాత 236.14 దాకా వచ్చింది. డబ్బా వెనక ఆ నంబరు ఉందా లేదా, చూడాల్సింది అదొక్కటే. తప్పు ఆయిల్ పోసిన బండి 60, 70 వేగంలో, కంకర రోడ్డు మీద పోతున్నట్టు సన్నగా వణుకుతుంది. టైర్లు బ్యాలెన్స్ చేయిస్తారు, ఇంజిన్ మౌంటింగులు మారుస్తారు, వణుకు పోదు.

ఇక కొలత. ఈ బాక్సులో ఆయిల్ మట్టం 80 డిగ్రీల వేడిలో చూడాలి, అదీ సరైన కొలపుల్లతో, ఇంజిన్ నడుస్తుండగా, సమతలం మీద. చల్లగా ఉన్నప్పుడు 80 డిగ్రీల గీత దాకా పోస్తే వేడెక్కాక దాదాపు 300 మిల్లీలీటర్లు ఎక్కువవుతుంది. ఎక్కువైన ఆయిల్‌ని తిరిగే భాగాలు చిలికి నురగ చేస్తాయి. నురగకి ఒత్తిడి నిలవదు. తక్కువైతే ఘాటు మలుపులో ఆయిల్ ఓ పక్కకు ఒరిగి పంపు గాలి పీలుస్తుంది. రెంటికీ ఫలితం ఒకటే, క్లచ్ జారి మాడుతుంది. జెడ్ఎఫ్ ఆరు గేర్ల బాక్సుల్లో కొలపుల్ల అసలు లేదు. 30 నుంచి 50 డిగ్రీల మధ్య, పక్కనున్న ప్లగ్గు విప్పితే ఆయిల్ పొర్లి సన్నటి ధారకి రావాలి. స్కానర్‌లో వేడి చూడకుండా ఈ పని చేయడమంటే గుడ్డిగా చేయడమే.

సంపులోని బురద

సంపు దింపాక వెంటనే పెట్రోలు పోసి కడిగేయకూడదు. చెప్పాల్సినదంతా అందులోనే ఉంటుంది. మూలలో ఓ అయస్కాంతం, దాని మీద బూడిద రంగు ముద్ద. ఆ ముద్దను వేలితో తీసి తెల్ల కాగితం మీద రుద్దాలి. గంధంలా మెత్తగా, గరుకు తగలకుండా పరుచుకుంటే అది స్టీలు ప్లేట్ల సహజమైన అరుగుదల, భయం లేదు. వేలికి గుచ్చుకునే స్టీలు పెచ్చు కనబడితే బేరింగో ఫ్రీవీలో విరుగుతోంది. అయస్కాంతానికి అంటకుండా ఆయిల్లో తేలే పసుపు మెరుపు ఇత్తడి, కంచు బుష్షులది. నల్లటి పొరలు, మాడిన వాసన కలిసి వస్తే క్లచ్ ప్లేట్ల మీది పొర ఊడుతోంది. ఆయిల్ గులాబీ రంగు పాలలా ఉంటే మాత్రం ఆ రోజు ఇంక బండి స్టార్ట్ చేయకూడదు. రేడియేటర్ లోపల కూలర్ గోడ చిల్లిపడి కూలెంట్ గేర్‌బాక్సులోకి వచ్చింది. 2000ల తొలి సంవత్సరాల కొన్ని మెర్సిడెస్ మోడళ్లకు ఈ పీడ ఉంది. క్లచ్ ప్లేటు మీది పొర కాగితం జాతిది, స్టీలుకు జిగురుతో అతికించింది. నీరు, గ్లైకాల్ తగిలితే ఉబ్బి ఊడుతుంది. పాత రేడియేటర్‌ని ముందే మార్చేయడం గేర్‌బాక్సుకి అతి చవకైన బీమా.

విప్పేముందు ఇంకో రెండు పనులు మిగులుతాయి. బ్యాటరీ ఓల్టేజి చూడాలి. నెలల తరబడి నిలిపిన బండిలో బ్యాటరీ దిగిపోయి కంట్రోల్ యూనిట్ నానా కోడ్లు రాసి పెట్టుకుంటుంది, వాటిని చెరిపి నాలుగు రోజులు నడిపాక మళ్లీ వచ్చేవే నిజమైనవి. తర్వాత జారుడు కొలవాలి. స్కానర్ చూపే ఇన్‌పుట్, అవుట్‌పుట్ వేగాలను ప్రతి గేరులోనూ నిష్పత్తితో పోల్చితే ఏ గేరులో జారుతోందో తెలుస్తుంది. ఆ గేరులో ఏ క్లచ్చులు పనిచేస్తాయో పట్టిక చూస్తే నేరస్తుడు ఎవరో సగం తేలిపోతుంది. మూడో గేరులో మాత్రమే జారుతున్న బాక్సుకీ అన్ని గేర్లలో జారుతున్న బాక్సుకీ వైద్యం ఒకటి కాదు. అన్నిటిలో జారితే పంపు, ఫిల్టరు, ఒత్తిడి వాల్వు వైపు చూడాలి.

ఇవన్నీ అయ్యాక కూడా విప్పాలని తేలితే బండిని ఎలా తరలిస్తారన్నది మొదటి ప్రశ్న. కొరాపుట్ నుంచి విశాఖ దాదాపు 200 కిలోమీటర్లు. తాడు కట్టి లాక్కెళితే వెనక చక్రాలు తిరుగుతాయి, వాటితోపాటు బాక్సు లోపలి భాగాలూ తిరుగుతాయి. ఆయిల్ పంపు మాత్రం ఇంజిన్‌తో తిరిగేది, ఇంజిన్ ఆగి ఉంటే అదీ ఆగే ఉంటుంది. ఆయిల్ చుక్క అందకుండా బుష్షులు రాపిడికి గురవుతాయి. ఆ తరం మెర్సిడెస్ హ్యాండ్‌బుక్కులు లాగుడుకి 50 కిలోమీటర్ల దూరం, 50 కిలోమీటర్ల వేగం హద్దు పెట్టాయి. ఘాటు దిగి విశాఖ పోవాలంటే నాలుగు చక్రాలూ లారీ మీద ఉండాల్సిందే.

బల్ల మీద విప్పాక

సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ఇంజిన్ల ఫ్యాక్టరీ ఉంది, మిగ్ విమానాల ఇంజిన్ల కోసం 1964లో పెట్టింది. ఆ కాలనీలో ఎన్నో తెలుగు కుటుంబాలు బతికాయి, బతుకుతున్నాయి. విమాన ఇంజిన్ ఓవర్‌హాల్ అనే మాటకి అక్కడ కచ్చితమైన అర్థం ఉంది. విప్పిన ప్రతి భాగాన్నీ కొలుస్తారు, కొలత రాస్తారు, రబ్బరు సీలు చూడ్డానికి బాగుంది కదా అని తిరిగి వేయరు. గేర్‌బాక్సు ఓవర్‌హాల్ అన్నప్పుడు కూడా అదే అర్థం ఉండాలి. మాడిన ఒక్క కట్ట ప్లేట్లు మార్చి మూసేస్తే అది ఓవర్‌హాల్ కాదు. ఆ ప్లేట్లు ఎందుకు మాడాయన్నది తేలకపోతే కొత్తవి కూడా అదే దారిన పోతాయి. పిస్టన్ సీలు చిరిగిందా, డ్రమ్ము గాడి అరిగిందా, వాల్వు ఇరుక్కుందా, సోలినాయిడ్ సగమే తెరుచుకుంటోందా? కారణం దొరికేదాకా బాక్సు మూయకూడదు.

క్లచ్ కట్టలో ప్లేట్లకీ రింగుకీ మధ్య ఉండే ఖాళీ మిల్లీమీటర్లలో నిర్ణయమై ఉంటుంది. ఫీలర్ గేజితో కొలిచి, అది హద్దులో లేకపోతే వేరే మందం స్నాప్ రింగ్ వేసి సరిచేయాలి. ఖాళీ ఎక్కువైతే గేరు ఆలస్యంగా, కొట్టుకుంటూ పడుతుంది. తక్కువైతే ప్లేట్లు పూర్తిగా విడిపోక రాసుకుంటూ వేడెక్కుతాయి. కొత్త ప్లేట్లను అమర్చే ముందు సరైన ఆయిల్లో నానబెట్టాలి, పొడిగా పెట్టి స్టార్ట్ చేస్తే మొదటి నిమిషంలోనే గాజులా నున్నబడి పనికిరాకుండా పోతాయి. డ్రమ్ము అమర్చాక ఆయిల్ దారిలోకి కొద్దిపాటి గాలి వదిలితే పిస్టన్ "టప్" మని ఒక్క దెబ్బలో కదలాలి. బుస్సుమని గాలి కారితే సీలు మడత పడింది. ఈ చిన్న పరీక్షకు రెండు నిమిషాలు చాలు. చేయకపోతే బాక్సు మళ్లీ దింపాలి. తొలి సంవత్సరాల 722.6 బాక్సుల్లో ముందరి ప్లానెటరీ దగ్గరి బుష్షు అరిగేది, తర్వాత దాని చోట నీడిల్ బేరింగు వచ్చింది. విప్పినప్పుడే ఆ మెరుగైన భాగం వేయించుకోవాలి.

కన్వర్టర్‌ని చాలామంది తుడిచి మళ్లీ బిగించేస్తారు. పాత బాక్సులో మాడిన నలుసులన్నీ పోయి చేరేది అక్కడికే. దాన్ని లేత్ మీద కోసి, లోపలి క్లచ్ పొర మార్చి, వెల్డింగ్ చేసి, లీకు, బ్యాలెన్సు చూడాలి. ఈ పని అన్నిచోట్లా జరగదు, కన్వర్టర్ ఒక్కటీ పెద్ద ఊరికి పంపించి తెప్పించుకోవాల్సి వచ్చినా పంపించడమే నయం. కూలర్, పైపులు కూడా అంతే. పాత నలుసు ఒక్కటి మిగిలినా కొత్త వాల్వుల్లోకి అదే వస్తుంది. కన్వర్టర్ తిరిగి ఎక్కించేటప్పుడు పంపు గాడిలో పూర్తిగా దిగిందో లేదో స్కేలు పెట్టి లోతు కొలవాలి. సగం దిగిన కన్వర్టర్ మీద బోల్టులు బిగిస్తే పంపు స్టార్ట్ చేయకముందే విరుగుతుంది. సంపు బోల్టులకు కావాల్సిన బిగువు 8 న్యూటన్ మీటర్లే. లారీ అలవాటు చేతికి అది చాలా తక్కువ, టార్క్ రెంచి లేకుండా ఈ పనికి దిగకూడదు.

సెకండ్ హ్యాండ్ బాక్సు తెచ్చి మార్చేద్దామన్న ఆలోచన సహజం. చవక, త్వరగా అయిపోతుంది. కానీ ఆ బాక్సు కూడా అదే వయసుది, అదే గట్టిపడ్డ రబ్బరు, దాని చరిత్ర ఎవరికీ తెలియదు. తేవాల్సి వస్తే కనీసం దాని సంపు దింపి బురద చూసి, కనెక్టరు ఓరింగులు మార్చి, ఫిల్టరు, ఆయిల్ కొత్తవి వేసి ఎక్కించాలి. తర్వాత తరం ఏడు గేర్ల 722.9లో చిక్కు ఇంకా ఎక్కువ. దాని కంట్రోల్ యూనిట్ బాక్సు లోపలే ఉంటుంది, కారు దొంగతనాన్ని ఆపే వ్యవస్థతో ముడిపడి ఉంటుంది. ఇంకో కారు బాక్సు తెచ్చి బిగిస్తే కంప్యూటర్ దాన్ని తనదిగా ఒప్పుకోదు. తన కారును తాను ఎరిగిన చేతులతో బాగుచేయించుకునే యజమానికి, లోపల లోహం బాగున్నంత కాలం సొంత బాక్సును ఓవర్‌హాల్ చేయించడమే తెలివైన పని.

తిరిగి బిగించాక కంట్రోల్ యూనిట్‌లోని పాత అలవాట్లను చెరపాలి. అరిగిన ప్లేట్లకు సరిపడేలా అది ఏళ్ల తరబడి ఒత్తిళ్లు సర్దుకుంటూ వచ్చింది, ఆ లెక్కలు కొత్త ప్లేట్లకు పనికిరావు. చెరిపాక మెల్లగా, మధ్యస్థంగా, చదునైన రోడ్డు మీద అన్ని గేర్లూ పదేసి సార్లు మారనివ్వాలి. సాలూరు, రామభద్రపురం మధ్య రోడ్డు ఇందుకు బాగుంటుంది. ఆ తర్వాతే ఘాటు. సుంకి దాకా ఎక్కుతూ స్కానర్‌లో ఆయిల్ వేడి చూసుకోవాలి. 110 లోపు నిలిస్తే సరే, దాటి పైకే పోతుంటే కూలర్ సరిగ్గా లేదు, వెంటనే ఆపి చల్లార్చాలి. పైకి చేరాక కనెక్టరు చుట్టూ, సంపు అంచున, కన్వర్టర్ కింద టార్చి వేసి తడి ఉందేమో చూడాలి. వెయ్యి కిలోమీటర్లకు మళ్లీ సంపు దింపి, ఆ అయస్కాంతం మీది ముద్దను ఇంకోసారి తెల్ల కాగితం మీద రుద్ది, ఆ కాగితం మీదే తేదీ, మీటరు రీడింగు రాసి కారు పుస్తకంలో పెట్టుకోవాలి.